ఒక్క జబ్బుకి ఇన్ని మందులెందుకు?

మా పెదనాన్నకి పెద్దపేగు కాన్సర్. కీమో ఎక్కిస్తున్న రోజుల్లో ఓసారి నన్నడిగాడు: "ఒక్క జబ్బుకి ఇన్ని మందులెందుకురా? సరైనది ఒక్కటి వేస్తే పోదూ?" నా దగ్గర జవాబు లేదు. కోడ్ రాసుకు బతికేవాణ్ణి, నా బుర్రలోనూ అదే ఉంది మరి: తప్పు ఎక్కడుందో పట్టుకుంటే ఫిక్స్ ఒక్క లైనే కదా!

తర్వాత చదివితే తెలిసింది, ఆ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉందని. అదీ మన భీమవరంలో పుట్టినాయనతో మొదలు.

యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలో లెడర్లీ పరిశోధనశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌ని, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. కానీ ఆ పేపరు శీర్షికలోనే "తాత్కాలిక" అన్న మాటుంది. జబ్బు తిరగబెట్టింది. 1960ల్లో అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ (ఇద్దరూ ఎమిల్లే!) నాలుగు మందులు కలిపి ఇచ్చారు. అందులో ఒకటి అమినోప్టెరిన్‌కి తమ్ముడు మెథోట్రెక్సేట్. పిల్లల లుకేమియా నయమయ్యే దారి అలా తెరుచుకుంది. అయితే ఏది దేనితో కలపాలన్నది అనుభవం మీద వేసిన అంచనా. కణం లోపలి వైరింగ్ మ్యాప్ అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

మ్యాప్ ఉంటే ఏమవుతుందో చూడండి.

బీరాఫ్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే, కణానికి పెరగమనే సంకేతం ఆగకుండా అందుతూనే ఉంటుందని 2002లో తేలింది. దాన్ని ఆపే వెమురాఫెనిబ్‌కి 2011లో మెలనోమా అనే చర్మ కాన్సర్ కోసం అనుమతి వచ్చింది. ఆ మార్పు ఉన్న రోగుల్లో సుమారు సగం మందికి గడ్డలు బాగా తగ్గాయి. పెద్దపేగు కాన్సర్‌లోనూ కొందరికి అచ్చం అదే మార్పు ఉంటుంది. అదే మందు ఇచ్చారు. దాదాపు ఎవరికీ పనిచెయ్యలేదు! అదే బగ్, అదే ప్యాచ్, ఒక సర్వర్లో నడిచింది, ఇంకోదాంట్లో నడవలేదు.

కారణం 2012లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు చెప్పారు. పేగు కాన్సర్ కణాలకి ఆ మందిస్తూనే, సంకేతాలు మోసే కైనేజ్ జన్యువుల్ని వరసగా ఆపి చూశారు. ఈజీఎఫ్ఆర్ దొరికిపోయింది. ఇది కణం పైపొర మీదుండే సంకేతగ్రాహి. బీరాఫ్ పనిచేస్తున్నంతసేపూ కింద నుంచి దీనికి "ఇక చాలు" అని కబురు వెళ్తుంటుంది. మందుతో బీరాఫ్ ఆగింది, కబురూ ఆగింది. ఈజీఎఫ్ఆర్ నిద్రలేచి వేరే దారిన సంకేతం పంపేసింది. మన భాషలో ఫెయిలోవర్ అన్నమాట. మెలనోమా కణాల్లో ఈజీఎఫ్ఆర్ చాలా తక్కువ, అందుకే అక్కడ ఆ దారి లేదు.

ఈజీఎఫ్ఆర్‌ని ఆపే సెటుక్సిమాబ్ అప్పటికే మార్కెట్లో ఉంది. బీరాఫ్‌ని ఆపే ఎంకోరాఫెనిబ్‌తో దాన్ని కలిపితే, అప్పటికే ఇతర చికిత్సలు విఫలమైన రోగుల మీడియన్ ఆయుష్షు 5.4 నెలల నుంచి 8.4కి పెరిగిందని 2019లో తేలింది. మూడు నెలలేనా అంటారా? నేనూ అలాగే అనుకున్నా. అదే జంటని కీమోతో కలిపి మొదట్లోనే ఇస్తే 15.1 నెలలు కాస్తా 30.3 అయిందని 2025లో ప్రకటించారు.

ఇది గెలుపు కాదు, కాన్సర్ ఇంకో దారి వెతుక్కుంటూనే ఉంది. కానీ "టార్గెట్ పట్టేస్తే అయిపోయినట్టే" అనే మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. టార్గెట్ 2002లోనే దొరికింది. దానికి ఎవరెవరితో చుట్టరికముందో తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

పెదనాన్న ఇప్పుడు లేడు. ఉంటే చెప్పేవాణ్ణి: "వీధి తలుపు ఒక్కటీ వేస్తే చాలదు పెదనాన్నా, ఈ దొంగకి పెరటి దారి కూడా తెలుసు."