యుద్ధ విమాన పైలట్ల ఆత్మకథలు, జీవిత చరిత్రలు

యుద్ధకాలంలో ఫైటర్ విమానాలు నడిపినవారు రాసుకున్న జ్ఞాపకాలు, వారి గురించి ఇతరులు రాసిన జీవిత చరిత్రలు యుద్ధ సాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖ. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే ఇది మొదలైంది. ఒంటి సీటు ఫైటర్‌లో పైలట్‌కు తోడెవరూ ఉండరు. గాలిలో జరిగింది దగ్గరగా చూసినవాడు చాలాసార్లు శత్రువే. అందువల్ల ఆ కొద్ది నిమిషాల సంగతి చెప్పగలిగేది పైలట్ ఒక్కడే. అతని మాట ఎంతవరకు నమ్మాలన్న చిక్కూ అక్కడే వస్తుంది. ఎన్ని విమానాలు కూల్చామో చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. తన భయాన్ని దాచుకోకుండా చెప్పినవి కొన్నే, చదవదగ్గవీ ముందుగా అవే.

మొదటి ప్రపంచ యుద్ధం

80 విమానాలు కూల్చినట్లు పేరుపొందిన జర్మన్ పైలట్ మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిష్టోఫెన్ ఆత్మకథ 'డేర్ రోటే కాంఫ్‌ఫ్లీగర్' 1917లో, అతను బతికుండగానే వెలువడింది. యుద్ధ ప్రచారం కోసం తెచ్చిన పుస్తకం కనుక అందులో సందేహానికి, దిగులుకు చోటు తక్కువ. 1918 ఏప్రిల్ 21న అతను చనిపోయేనాటికి వయసు 25 ఏళ్లు.

దీనికి పూర్తిగా భిన్నమైనది బ్రిటిష్ పైలట్ సెసిల్ లూయిస్ 1936లో ప్రచురించిన 'సాజిటేరియస్ రైజింగ్'. 17 ఏళ్లకే రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరిన లూయిస్, 1916 జులై 1న సోమ్ యుద్ధం మొదలైన ఉదయం ఆ యుద్ధరంగం మీద ఎగురుతున్నాడు. లా బ్వాసెల్ గ్రామం దగ్గర సొరంగంలో పెట్టిన మందుపాతర పేలి, మట్టి వేల అడుగుల ఎత్తుకు లేచింది. ఆ దెబ్బకు గాలిలోని తన విమానం ఎలా ఊగిపోయిందో ఆయన వర్ణించిన తీరు ఈ శాఖకే తలమానికం. యుద్ధం ముగిసిన 18 ఏళ్లకు, తీరిగ్గా రాసిన పుస్తకం ఇది. అప్పటి కుర్రవాడి ఉత్సాహాన్ని పెద్దయిన రచయిత చెరిపేయలేదు, అలాగని మెచ్చుకోనూ లేదు.

మనవాళ్లలో హర్దిత్ సింగ్ మాలిక్ ఆత్మకథ 'ఎ లిటిల్ వర్క్, ఎ లిటిల్ ప్లే' తప్పక చూడాలి. ఆయన 1917లో సాప్‌విత్ క్యామెల్ నడిపారు, కాలికి గుండ్లు తగిలి, తూట్లు పడిన విమానంతో ప్రాణాలతో బయటపడ్డారు. ససెక్స్ తరఫున క్రికెట్ ఆడారు, తర్వాత ఫ్రాన్స్‌లో భారత రాయబారిగా పనిచేశారు. పది రోజుల పైచిలుకు వ్యవధిలో 10 విజయాలు సాధించి, 1918 జులై 22న 19 ఏళ్లకే నేలకూలిన కలకత్తా యువకుడు ఇంద్రలాల్ రాయ్‌కి ఆత్మకథ రాసుకునే అవకాశమే దొరకలేదు.

1940 నాటి బ్రిటన్

ఈ శాఖలో ఎక్కువ పుస్తకాలు బ్రిటన్ గగనతల యుద్ధం నుంచి వచ్చాయి. వాటిలో రెండింటిది ప్రత్యేక స్థానం.

రిచర్డ్ హిల్లరీ ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి, 603 స్క్వాడ్రన్‌లో స్పిట్‌ఫైర్ పైలట్. 1940 సెప్టెంబర్ 3న అతని విమానానికి నిప్పంటుకుంది. కాక్‌పిట్ మూత వెంటనే తెరుచుకోలేదు. ముఖం, చేతులు కాలిపోయి సముద్రంలో పడ్డ అతన్ని మార్గేట్ లైఫ్‌బోటు కాపాడింది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో అతనికి కొత్త కనురెప్పలు అమర్చారు. 1942లో వచ్చిన 'ది లాస్ట్ ఎనిమీ'లో విమానాల కంటే ఆ ఆసుపత్రి వార్డే ఎక్కువగా గుర్తుండిపోతుంది. తన అహంకారాన్ని అతను దాచలేదు. కాలిన చేతులతోనే మళ్లీ విమానం ఎక్కి, 1943 జనవరి 8న రాత్రి శిక్షణలో కూలి చనిపోయాడు. సెబాస్టియన్ ఫాక్స్ 'ది ఫేటల్ ఇంగ్లిష్‌మన్'లో అతని జీవితాన్ని బయటినుంచి పరిశీలించారు. రెండూ కలిపి చదివితే ఆత్మకథ ఏం చెప్పిందో, ఏం వదిలేసిందో తెలుస్తుంది.

జెఫ్రీ వెల్లం 'ఫస్ట్ లైట్' 2002లో వచ్చింది. 18 ఏళ్లకు 92 స్క్వాడ్రన్‌లో చేరిన ఆయన, దశాబ్దాల తర్వాత తన కోసం రాసుకున్న కాగితాలను చాలాకాలం ఇంట్లోనే ఉంచుకున్నారు. పుస్తకం బయటికి వచ్చేసరికి ఆయనకు 80 ఏళ్లు. బడి పిల్లవాడు పైలట్ కావడం, తెల్లవారుజామున ఫోన్ మోగుతుందేమోనని కడుపులో తిప్పడం, చివరికి 1942లో మాల్టా దీవికి వెళ్లాక శరీరం, మనసు రెండూ అలిసిపోవడం ఇందులో ఒక్కో మెట్టుగా కనిపిస్తాయి. పోరాట అలసట మనిషిని ఎలా లొంగదీస్తుందో ఇంత నిదానంగా చెప్పిన పుస్తకం మరొకటి దొరకడం కష్టం.

పాల్ బ్రిక్‌హిల్ 1954లో రాసిన డగ్లస్ బేడర్ జీవిత చరిత్ర 'రీచ్ ఫర్ ది స్కై' ఎక్కువ మంది చదివినది. 1931లో ప్రమాదంలో రెండు కాళ్లూ పోయిన మనిషి మళ్లీ ఫైటర్ నడిపిన కథ అది. అయితే బ్రిక్‌హిల్ తన కథానాయకుడితో కటువుగా ఉండలేదు. సోవియట్ సాహిత్యం చదివినవారికి ఇలాంటి మరో కథ తెలుసు: 1942లో కూలి, గాయపడ్డ కాళ్లతో 18 రోజులు పాకి తమవాళ్లను చేరిన అలెక్సేయ్ మరేస్యెవ్ జీవితం. బోరిస్ పొలెవోయ్ 1946లో దాన్ని నవలగా మలిచారు. పేరు కొద్దిగా మార్చిన ఆ పుస్తకాన్ని నవలగానే చదవాలి.

హైదరాబాదు పేరున్న స్క్వాడ్రన్లు

నిజాం ఇచ్చిన విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 152, 253 స్క్వాడ్రన్లకు హైదరాబాదు పేరు పెట్టారు. 152 స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. రెండూ 1940 పోరులో పాల్గొన్నాయి, మొదటిది స్పిట్‌ఫైర్లతో, రెండోది హరికేన్లతో. ఈ 152 స్క్వాడ్రన్ నుంచే రోజర్ హాల్ 'క్లౌడ్స్ ఆఫ్ ఫియర్' వచ్చింది. పేరుకు తగ్గట్టే ధైర్యం రోజురోజుకూ ఎలా కరిగిపోతుందో చెప్పే పుస్తకం అది. మన నగరం పేరున్న స్క్వాడ్రన్‌లో ఏం జరిగిందో తెలుసుకోవాలనుకునే తెలుగు పాఠకుడు దీన్ని వదులుకోకూడదు.

ఓడిన పక్షం

జర్మన్ ఫైటర్ దళాధిపతి అడాల్ఫ్ గాలాండ్ జ్ఞాపకాలు వైమానిక దళ అధినేత గోరింగ్ నిర్ణయాలను లోపలినుంచి చూపుతాయి. తప్పంతా పైవాళ్ల మీదికి నెట్టే ధోరణి కూడా వాటిలో ఉంది. 352 విజయాల ఎరిక్ హార్ట్‌మన్ మీద 1970లో వచ్చిన జీవిత చరిత్ర మరీ భక్తితో రాసినది. అతను ఏ ప్రభుత్వం కోసం పోరాడాడో ఆ రచయితలు పెద్దగా అడగలేదు.

జపాన్ పైలట్ సబురో సకాయ్ 'సామురాయ్!' 1957లో మార్టిన్ కేడిన్, ఫ్రెడ్ సైటో చేతుల మీదుగా ఇంగ్లిషులోకి వచ్చింది. 1942 ఆగస్టులో గ్వాడల్‌కెనాల్ మీద తలకు గుండు తగిలి, చూపు సరిగా ఆనకపోయినా జీరో విమానాన్ని నాలుగు గంటలకు పైగా నడిపి రబౌల్ చేరిన ఘట్టం ఊపిరి బిగబట్టి చదివిస్తుంది. ఆ ప్రయాణం నిజం. పుస్తకం చెప్పే 64 విజయాల లెక్కను మాత్రం తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు.

లెక్కల సంగతి

1940 సెప్టెంబర్ 15న జర్మన్ విమానాలు 185 కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. నిజంగా పోయినవి 60 దాకా. అబద్ధమాడాలని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఒకే విమానం మీద ముగ్గురు కాల్పులు జరిపితే ముగ్గురూ అది తమదే అనుకుంటారు. పొగ వదులుతూ మబ్బులోకి దూరినది కూలిందో, ఇల్లు చేరిందో తెలియదు. అందుకే సంఖ్యలకు ఎదుటి పక్షం రికార్డే గీటురాయి.

భారత పైలట్లు

పగిడీతోనే విమానం నడిపిన మహీందర్ సింగ్ పుజ్జీ 'ఫర్ కింగ్ అండ్ అనదర్ కంట్రీ' 2010లో, ఆయన చనిపోయిన ఏడాదే వచ్చింది. ఎయిర్ చీఫ్ మార్షల్ పి.సి. లాల్ 'మై ఇయర్స్ విత్ ది ఐఏఎఫ్' 1971 యుద్ధ నిర్ణయాలను పైస్థాయి నుంచి వివరిస్తుంది. 1972 ఆగస్టులో రావల్పిండి యుద్ధఖైదీల శిబిరం గోడకు కన్నం వేసి తప్పించుకుని, అఫ్గాన్ సరిహద్దు దగ్గర దొరికిపోయిన దిలీప్ పారుల్కర్, గ్రేవాల్, సిన్హ్‌జీల కథను ఫెయిత్ జాన్‌స్టన్ 'ఫోర్ మైల్స్ టు ఫ్రీడమ్'లో చెప్పారు.

1965 సెప్టెంబర్ 7న సర్గోధా దాడిలో పాల్గొని తిరిగిరాని ఎ.బి. దేవయ్యకు ఏమైందో మనకు చాలాకాలం తెలియలేదు. దెబ్బతిన్న తన మిస్టేర్ విమానంతోనే ఆయన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్‌ను కూల్చిన సంగతి, ఆ దేశం వైపు నుంచి యుద్ధచరిత్ర రాసిన జాన్ ఫ్రికర్ పుస్తకంతో వెలుగులోకి వచ్చింది. 1988లో మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

ఏది ముందు?

కొత్తగా మొదలుపెట్టేవారు 'ఫస్ట్ లైట్'తో మొదలుపెట్టాలి. తర్వాత హిల్లరీ, ఆపైన లూయిస్. ఈ మూడూ అయ్యాకే సకాయ్, గాలాండ్‌ల జోలికి వెళ్లడం మంచిది. పిల్లలకు కొనిచ్చేవారు 'రీచ్ ఫర్ ది స్కై' కొనవచ్చు. ఇక మన సంగతికొస్తే, వైమానిక దళ అకాడమీ దుండిగల్‌లోనే ఉంది. అక్కడ తర్ఫీదు పొంది, యుద్ధం చూసి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పైలట్లు తమ అనుభవాలను తెలుగులో రాయాలి. లాగ్ బుక్కులు చేతిలో ఉండగానే, జ్ఞాపకం గట్టిగా ఉండగానే ఆ పని మొదలుపెట్టాలి.