గోల్కొండ: రెండు పరభాషల్లో ఒక తెలుగు కొండ

గోల్కొండ అన్నది ఇంగ్లీషు వాళ్లకూ ఫ్రెంచి వాళ్లకూ ఊరి పేరు మాత్రమే కాదు. తరగని సంపద దొరికే చోటు అన్న అర్థంలో రెండు భాషలూ దాన్ని వాడుకున్నాయి. ఇంగ్లీషులో గోల్కొండా, ఫ్రెంచిలో గోల్కోండ్. కాసులు కురిపించే గనికైనా, వ్యాపారానికైనా ఇంగ్లీషు రచయితలు ఆ పేరే పెట్టారు. నిఘంటువులు దాన్ని మామూలు నామవాచకంగా చేర్చుకున్నాయి. ఆ పేరుగల కొండ హైదరాబాద్ పడమటి శివారైన నల్లగండ్లకు ఆగ్నేయంగా పదిహేను కిలోమీటర్ల లోపే ఉంది.

గొల్లకొండ, అంటే గొల్లల కొండ, వాడుకలో గోల్కొండ అయిందని చెబుతారు. కాకతీయుల నాటికి అక్కడున్నది మట్టికోట. 1364లో ముసునూరి కాపయ నాయకుడు దాన్ని బహమనీ సుల్తానుకు వదులుకోవలసి వచ్చింది. ఆ తర్వాత మహమ్మద్‌నగర్ అని కొత్త పేరు పెట్టినా జనం నోట పాత పేరే నిలిచింది. 16వ శతాబ్దంలో అది కుతుబ్ షాహీల రాజధాని అయింది. 1591లో హైదరాబాద్ వెలిసినా, విదేశీయులు రాజ్యాన్ని మాత్రం గోల్కొండ రాజ్యమనే పిలిచారు. ఊరి పేరు రాజ్యానికి చెల్లింది కాబట్టే, రాజ్యంలో ఏ మూల దొరికిన వజ్రమైనా గోల్కొండ వజ్రమే అయింది.

ఇంగ్లీషు వాళ్లు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టారు. అక్కడ పనిచేసిన విలియం మెత్‌వోల్డ్ వజ్రాల గనిని చూసి, గోల్కొండ రాజ్యం గురించి రాసిన వివరాలు 1626లో లండన్‌లో అచ్చయ్యాయి. ఫ్రెంచి వాళ్లకు ఆ పని చేసిపెట్టినవాడు రత్నాల వర్తకుడు టావెర్నియే. అతని యాత్రా గ్రంథం 1676లో పారిస్‌లో వెలువడింది, త్వరలోనే ఇంగ్లీషులోకీ వెళ్లింది. 1720లలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా యూరప్‌కు వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వచ్చేవి. పేరు అంత గట్టిగా నాటుకోవడానికి అదే కారణం.

అయితే కోటలో గాని, దాని చుట్టుపక్కల గాని వజ్రాల గని ఎన్నడూ లేదు. నల్లగండ్ల నుంచి గోల్కొండ దాకా పరుచుకున్నది నల్లరాయి, గ్రానైటు. వజ్రాలు అందులో పుట్టవు. గోల్కొండ వజ్రాల బజారు మాత్రమే. అసలు తవ్వకాలన్నీ కృష్ణా తీరంలోనూ రాయలసీమలోనూ జరిగాయి. వాటిలో పేరుమోసినది పల్నాటి కొల్లూరు. టావెర్నియే దాన్ని స్థానికులు ‘గని’ అంటారని రాశాడు. అది మన తెలుగు గనే.

అక్కడ మగవాళ్లు పది, పద్నాలుగు అడుగులు, నీటి ఊట తగిలేదాకా తవ్వేవారు. ఆడవాళ్లూ పిల్లలూ ఆ మట్టిని మోసుకొచ్చి, చుట్టూ పొట్టి గోడ కట్టిన మడిలో పోసేవారు. నీళ్లు పెట్టి నానబెట్టి, బురదను వదిలించి, మిగిలినది ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టే చేటలతో చెరిగేవారు. చివరికి గులకరాళ్లలో చేతులతో వెతికేవారు. అరవై వేలమంది పనిచేస్తున్నారని టావెర్నియే లెక్క. మరో గనిలో, పని బాగా తెలిసిన కూలికి సైతం ఏడాదికి దక్కేది మూడు వరహాలేనని కూడా అతనే రాశాడు. గోల్కొండ అంటే సిరి అని రాసుకున్న నిఘంటువుల్లో ఈ మూడు వరహాల ఊసు లేదు. ఆ పేరు చరిత్రలో అంతకంటే ముఖ్యమైన లెక్క మరొకటి కనబడదు. కొల్లూరు గనులున్న చోటు నేడు పులిచింతల జలాశయం కింద ఉంది.

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోటను పట్టుకోవడంతో రాజ్యం ముగిసింది. పేరు మాత్రం ఇంకా దూరం పోయింది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్న పెద్ద వజ్రం 1717లో ఫ్రెంచి రాజప్రతినిధి చేతికి చేరింది. అది ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1761లో ఫ్రెంచి రచయిత బూఫ్లేర్ రాసిన ‘గోల్కొండ రాణి అలీన్’ కథ తర్వాత సంగీత నాటకాలుగా ఆడింది. అమెరికాలో ఇల్లినాయిలో ఒక ఊరు, నెవాడాలో గనుల ఊరు ఒకటి గోల్కొండ పేరుతోనే ఉన్నాయి.

ఫ్రెంచి రూపం మన దేశానికీ తిరిగి వచ్చింది. 1930లలో పుదుచ్చేరి అరవిందాశ్రమం ఒక వసతి భవనం కట్టదలిస్తే, హైదరాబాద్ దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలు ఇచ్చింది. అందుకే వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ రూపొందించిన ఆ కట్టడానికి గోల్కోండ్ అని పేరు పెట్టారు.

ఇక రత్న వ్యాపారంలో ఆ మాటకు మరో అర్థం స్థిరపడింది. నత్రజని దాదాపుగా లేని, నీటిబొట్టులా తేటగా ఉండే పాత భారతీయ వజ్రాలను వేలంశాలల్లో ఇప్పటికీ గోల్కొండ వజ్రాలనే అంటారు.