కాటమరాజు పోరు: చిలుక కొఱకా, పచ్చిక కొఱకా?

గ్రీకుల పురాణగాథలలో ట్రాయి యుద్ధమునకు కారణము హెలెన్ అను రాణి. స్పార్టా రాజు మెనెలావుస్ భార్యయగు ఆమెను ట్రాయి రాకుమారుడు పారిస్ తన నగరమునకు తీసికొనిపోయెను. మెనెలావుసు అన్న అగమెమ్నాన్ గ్రీకు రాజులను కూడగట్టి, ఓడలపై వచ్చి పదియేండ్లు ఆ కోటను ముట్టడించెను. దీనికి మొదలు ఇంకను చిన్నది. ముగ్గురు దేవతలలో అందగత్తె యెవ్వరో తేల్చుటకు పారిస్ చేతికి వచ్చిన ఒక బంగారుపండు! క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దిలోనే హెరొడొటస్ అను చరిత్రకారుడు దీనిని నమ్మలేకపోయెను. ఒక్క స్త్రీ కొఱకు కన్నకొడుకులను, నగరమును బలియిచ్చునంతటి వెర్రివాడా ట్రాయి రాజు అని అతడు శంకించెను. హెలెన్ అసలు ట్రాయిలోనే లేదనియు, అప్పుడామె ఈజిప్టులో నుండెననియు వ్రాసెను.

ఇట్టి కథయే మన గొల్లవాడలలోను కలదు. అందు బంగారుపండునకు బదులొక చిలుక.

2016లో ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేర్యాల యను ఊరున్నది. శ్రోతలలో ఆ ప్రాంతమువారికి అచ్చటి నకాషీల పనితనమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించిన గుడ్డపై, ఎఱ్ఱని నేలమీద, పసుపు నీలి వన్నెలతో కథలను వరుసగా దింపుదురు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పురాణము, దానిని పటము విప్పి చెప్పుటకు వేరొక ఆశ్రిత కులము. పద్మశాలీలకు మార్కండేయుడు, చాకలివారికి మడేలయ్య, గొల్లలకు కాటమరాజు. గొల్లల కథను బొమ్మలు నిలిపి చెప్పువారు మందెచ్చులు. నేడు చెప్పువారును తగ్గిరి, వ్రాయువారును కొలది కుటుంబములే.

కథ యిది. కాటమరాజు ఆలమందలకు ఏలిక. కరవు వచ్చి తన సీమలో పచ్చిక మాడిపోగా మందలను నెల్లూరి సీమకు తోలెను. ఆ రాజు నల్లసిద్ధితో కౌలు కుదిరెను: మందలు మేయవచ్చును, పుట్టిన కోడెదూడలను రాజునకు ఈయవలెను. రాజు ఉంపుడుగత్తె కుందుమాదేవి పెంచిన చిలుకను చూచి ఆవులు బెదరగా గొల్లలు దానిని కొట్టి చంపిరి. ఆమె కోపించి ఆవులను చంపించెను. న్యాయము జరుగలేదని కాటమరాజు పుల్లరి నిలిపివేసెను. రాజు సేనను పంపెను. పాలేటి ఒడ్డున ఎఱ్ఱగడ్డపాటి పోరు అట్లు వచ్చినది.

ఈ నల్లసిద్ధియే 13వ శతాబ్ది నడుమ నెల్లూరేలిన తెలుగు చోడుడు మనుమసిద్ధి యని పలువురు చరిత్రకారుల తలంపు. కథ చరిత్రను తాకుచోటు ఇదే. ఆతని సేనాని ఖడ్గ తిక్కన. ఆతని మంత్రి కవి తిక్కన సోమయాజి. ఇరువురును మంత్రి భాస్కరుని మనుమలు. ఒకడు సిద్ధన కొడుకు, ఒకడు కొమ్మన కొడుకు. సోమయాజి భారతమును విరాటపర్వము మొదలు తెనిగించెను. విరాటపర్వమనగా గోగ్రహణము గదా! కౌరవులు విరటుని ఆవులను పట్టుకొనగా అర్జునుడు మరలించిన కథను ఒక తమ్ముడు పద్యములలో నడపినాడు. ఒక తమ్ముడు నిజముగనే ఆవుల పోరులో కత్తి పట్టినాడు. ఒకే యింట ఇట్లు జరుగుట మాకు వింతగ తోచును.

సేన నశింపగా ఖడ్గ తిక్కన మొదట ఇల్లు చేరెననియు, అతనికి స్త్రీలకు వలె మంచము చాటున స్నానమునకు నీళ్లు తోడి, పసుపుముద్దను ఉంచి భార్య చానమ్మ ఎత్తిపొడిచెననియు, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించెననియు చెప్పుదురు. అతడు వెంటనే మరలి పోయెను. కాటమరాజు పక్షమున నిలిచిన బ్రహ్మరుద్రయ్యతో తలపడి, ఇరువురును నేలగూలిరి. ఆవులవారి పక్షమున ఒక బ్రాహ్మణుడు, రాజు పక్షమున ఒక బ్రాహ్మణుడు. ఈ పోరును గొల్లలకును బ్రాహ్మణులకును జరిగిన తగవుగా చెప్పువారు ఈ సంగతిని మరచుచున్నారు.

ఇక కారకులెవ్వరు? కథ కుందుమాదేవిని వ్రేలెత్తి చూపును. ట్రాయి కథ హెలెనును చూపినది. పల్నాటి కథ నాయకురాలు నాగమ్మను చూపినది. యుద్ధము ముగిసి మగవారు చచ్చినపిదప నింద మోయుటకు ఒక ఆడుది మిగులుట ఈ కథల వాడుక కాబోలు. మాకుమాత్రము హెరొడొటసు శంకయే సబబుగా తోచుచున్నది. చిలుక చావకున్నను ఆ పోరు తప్పెడిది కాదు. కరవునాడు మేతకై పొరుగు సీమకు వచ్చిన మందలు వేలు, పచ్చిక కొంచెము, రైతుల పైరులకు భయము, రాజునకు కోడెలపై ఆశ. పుల్లరియను మాట వినుటకు చిన్నది. 1922లో పల్నాటి సీమలో తెల్లదొరల అటవీశాఖ పశువుల మేతకు పుల్లరి కట్టుమనగా కన్నెగంటి హనుమంతు ఎదిరించి తుపాకి గుండ్లకు బలియయ్యెను. అచ్చట చిలుకయు లేదు, కుందుమాదేవియు లేదు.

సిద్దిపేట సీమ వానకు కన్నెత్తి చూచిన నేల. ఇచ్చటి గొల్లకురుమలు గొఱ్ఱెలను తోలుకొని దూరపు బీళ్లకు పోవుట నిన్నమొన్నటి సంగతి కాదు. కొమురవెల్లి మల్లన్న ప్రక్కన గొల్ల కేతమ్మ దేవేరియై నిలిచిన సీమ ఇది. నెల్లూరి పోరును ఇంత దూరమున, ఏడువందల యేండ్ల పిదపను తమ పురాణముగా నిలుపుకొనుటకు కారణము ఆ నేలలోనే వెదకవలెను. పచ్చిక దొరకని ఏడు ఎట్లుండునో ఈ కథ వినువారికి తెలియును.

ఒక్క విషయమున మాత్రము గొల్లల కథకులు హోమరునకు దీటు. గ్రీకు కవియైన హోమరు తన ఇలియడ్డును శత్రువీరుడగు హెక్టరు అంత్యక్రియలతో ముగించెను. గొల్లల పాటలోను ఖడ్గ తిక్కన పగవాడే. అయినను అతని పౌరుషమును కథకులు తగ్గించి చెప్పరు.