సొరకాయ రసం తీసే ముందు ముక్క రుచి చూడాల్సిందే

పచ్చి కూరగాయల రసాన్ని ఇంట్లోనే తీసుకుని ఉదయం పూట తాగేవారు తరచుగా ఎంచుకునేది సొరకాయ. కోస్తా జిల్లాల్లో దీనినే ఆనపకాయ అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, దానిని ఆనుకుని ఉన్న జాముల్ వంటి పారిశ్రామిక పట్టణాల్లోని తెలుగు కుటుంబాలు బజారులో ‘లౌకీ’ అని అడిగి కొనేది కూడా ఈ కాయనే. సాధారణంగా ఇది నిరపాయకరమైన కూరగాయ. అయితే చేదు సొరకాయ రసం ప్రాణాంతకం కాగలదు.

2010లో ఢిల్లీలో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి చెందిన ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ రసాలను కలిపి తాగిన అనంతరం మరణించారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల సంఘం ఈ అంశాన్ని పరిశీలించింది. రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడాలని, చేదుగా ఉంటే కాయను పారవేయాలని, సొరకాయ రసాన్ని మరే రసంతోనూ కలపరాదని సూచించింది.

చేదుకు కారణం కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాలు. సొర, దోస, బీర, గుమ్మడి మొక్కలు పురుగులు, పశువుల నుంచి ఆత్మరక్షణ కోసం వీటిని తయారు చేసుకుంటాయి. సాగు రకాల్లో ఇవి అత్యల్పంగా ఉన్నప్పటికీ నీటి ఎద్దడి, తీవ్రమైన ఎండ వంటి పరిస్థితుల్లో పెరగవచ్చు. కాయను పైకి చూసి గుర్తించడం సాధ్యం కాదు. ఉడికించినా విషం పోతుందన్న భరోసా లేదు. చేదెక్కిన కూరను ఎవరైనా ఒక ముద్దతో ఆపేస్తారు. రసాన్ని మాత్రం ‘చేదైతేనే మందు’ అనుకుని గ్లాసెడు తాగేస్తారు. కాకరకాయ చేదు సహజమైనది, దాని రసాయనాలు వేరు. అందుకే ఆ రెంటినీ కలిపినప్పుడు ప్రమాద సంకేతం మరుగున పడుతుంది.

ఒకరికి పావు కిలో లేత కాయ సరిపోతుంది. కోయకముందే ధారగా పడే నీటిలో రుద్ది కడగాలి. తొడిమ వైపు నుంచి, కింది కొస నుంచి చిన్న ముక్కలు కోసి నాలుకపై ఉంచి చూసి ఉమ్మివేయాలి. చేదు లేకపోతే చెక్కు, ముదురు గింజలు తీసి, అర గ్లాసు కాచి చల్లార్చిన నీటితో మిక్సీలో రుబ్బి వడకట్టాలి. మరోసారి రుచి చూసిన తర్వాతే ఉప్పు, నిమ్మరసం చేర్చాలి. ముందే చేరిస్తే చేదు తెలియదు. రసాన్ని నిల్వ ఉంచకుండా వెంటనే తాగడం మేలు.

వడకట్టినప్పుడు పీచు చాలావరకు పిప్పితో పోతుంది కనుక కూరకు ఇది ప్రత్యామ్నాయం కాదు. పాలకూర రసం విషయంలో జాగ్రత్త వేరు: అందులో ఆక్సలేట్లు అధికం కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లున్నవారు, విటమిన్ ‘కె’ ఎక్కువ కాబట్టి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు వైద్యుని సలహా లేకుండా తాగకూడదు.

సొరకాయ రసం తాగిన తర్వాత వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కొందరికి రక్తపు వాంతులై రక్తపోటు పడిపోతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. సెలైన్ వంటి ఆధార చికిత్సే మార్గం. రసం తాగిన సంగతి, ఎంత తాగారన్నది వైద్యునికి వెంటనే చెప్పాలి.