పట్టాలకి పడమటి వైపు

ఫ్రెస్నో అనగానే కాలిఫోర్నియాలో మనవాళ్ళకి ఎండుద్రాక్ష, బాదంపప్పు గుర్తొస్తాయి. నాకు మాత్రం రైలుపట్టాలు. 1870లలో చైనావాళ్ళకి పట్టాలకి తూర్పున ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని తెల్లవాళ్ళు కట్టుబాటు పెట్టుకున్నారు. తరవాత మెక్సికోవాళ్ళూ, నల్లవాళ్ళూ పడమరకే చేరారు. ఊరికి అక్కర్లేని పొగా, కంపూ కూడా అటే పోయాయి. ఊరికీ వెలివాడకీ మధ్య గీత ఎరిగిన మనకి ఇదంతా విప్పి చెప్పక్కర్లేదు.

2012లో రాష్ట్రం కర్బన వేలం మొదలుపెట్టింది. పొగ వదిలే పెద్ద కంపెనీలు అనుమతులు కొనుక్కోవాలి. ఆ సొమ్ములో పాతిక శాతమైనా వెనకబడ్డ పేటలకి ఉపయోగపడాలని అదే ఏడు చట్టం చేశారు. వాటా అలా కాగితం మీదికి ఎక్కడమే అసలు మలుపని నా లెక్క. 2016లో ఏబీ 2722 చట్టంతో పేట మొత్తానికి ఒకేసారి డబ్బిచ్చే పథకం వచ్చింది. 2018లో ఫ్రెస్నోకి 6 కోట్ల 65 లక్షల డాలర్లు దక్కాయి. చెట్లు, సోలార్ పలకలు సరే, అందులో కాలేజీ కూడా ఉంది! వాతావరణానికీ కాలేజీకీ ఏమిటి సంబంధం అంటారేమో. చదువు దగ్గరికొస్తే కారు ప్రయాణం తగ్గుతుంది. పడమటి ఫ్రెస్నోలో ఆ కాలేజీ ఇప్పుడు నడుస్తోంది.

ఇంకో షరతుంది. పేట బాగుపడితే అద్దెలు పెరుగుతాయి, ఉన్నవాళ్ళే మూటాముల్లే సర్దుకోవాల్సొస్తుంది. అది జరక్కుండా ఏం చేస్తారో ముందే రాసివ్వకపోతే ఈ పథకంలో డబ్బు రాదు.