బర్మాకి పతకం ఉంది, రంపకి లేదు

ఈ ఎపిసోడ్‌లో రాజుల గురించి కాదు, ఒక చిన్న వెండి బిళ్ళ గురించి మాట్లాడుకుందాం.

మా ఆమదాలవలస వైపు పాతతరం వాళ్ళు రంగూన్‌ని "రంగం" అనేవారు. కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కి కూలికి వెళ్ళినవాళ్ళ కథలు మీలో చాలామంది వినే ఉంటారు. కానీ ఆ కూలీల కంటే ముందే అక్కడ దిగినవాళ్ళు మద్రాసు సైన్యం సిపాయిలు. అందులో మన తెలుగువాళ్ళు బోలెడుమంది.

మొదటి బర్మా యుద్ధం 1824-26లో జరిగింది. ఈస్టిండియా కంపెనీ దానికో పతకం కొట్టించింది. బొమ్మ చూస్తేనే విషయం అర్థమైపోతుంది: బర్మా తెల్ల ఏనుగు ఇంగ్లీషు సింహం ముందు మోకరిల్లి ఉంటుంది. సిపాయిలకి వెండిది, సుబేదార్లకీ జమేదార్లకీ బంగారు పూతది. ఎవరి పేరూ దానిమీద చెక్కలేదు.

1854లో వచ్చిన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ వేరు. ఒకవైపు విక్టోరియా రాణి తల, ఎర్ర రిబ్బన్ మీద రెండు నీలం చారలు. ఏ యుద్ధానికి వెళ్తే ఆ పేరున్న పట్టీ, అంటే క్లాస్ప్, పైన తగిలిస్తారు. మొట్టమొదటి క్లాస్ప్ "పెగూ", అది రెండో బర్మా యుద్ధానిది.

పతకాలు సేకరించేవాళ్ళు ముందు చూసేది రాణి మొహం కాదండి, అంచు. నంబరు, హోదా, పేరు, రెజిమెంటు అక్కడే ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ప్రైమరీ కీ అన్నమాట. మన పేర్ల స్పెల్లింగు చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ సిపాయి పేరు ఇంకెక్కడా మిగలకపోవచ్చు. అంచు అరగదీసి వేరే పేరు చెక్కినవి కూడా మార్కెట్లో తిరుగుతాయి, జాగ్రత్త.

1885-87 బర్మా క్లాస్ప్ దగ్గర ఇంకో తేడా మొదలైంది. సిపాయికి వెండి, డోలీలు మోసినవాళ్ళకీ వంటవాళ్ళకీ కంచు. యుద్ధం ఒకటే, లోహం వేరు! నన్నడిగితే ఆ కంచువే ఎక్కువ మాట్లాడతాయి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ మెడల్‌కి 20కి పైగా క్లాస్ప్‌లు ఉన్నాయి. అందులో ఒకటి "నాగా 1879-80". సరిగ్గా అవే సంవత్సరాల్లో మన దగ్గర రంప తిరుగుబాటు జరిగింది. కల్లు గీతపై పన్ను, మున్సబుదారు దోపిడీ, పోలీసుల వేధింపులు భరించలేక 1879 మార్చిలో కొండవాళ్ళు లేచారు. అది విశాఖ జిల్లా గొలుగొండ దాకా పాకింది. అణచడానికి మద్రాసు పదాతి రెజిమెంట్లు ఆరు, శాపర్లు రెండు కంపెనీలు, గుర్రపు దళం, హైదరాబాద్ కాంటింజెంట్ మనుషులు కూడా వచ్చారు. ఇంత సైన్యం దిగినా "రంప" అనే క్లాస్ప్ మాత్రం లేదు.

ఎందుకు? నా లెక్క ఇది. నాగా కొండలు సరిహద్దు, అక్కడ గెలిస్తే విజయం. రంప అప్పటికే వాళ్ళ జిల్లా. సొంత జిల్లాలో యుద్ధం జరిగిందని వెండి మీద చెక్కితే పాలన విఫలమైందని ఒప్పుకున్నట్టే కదా. అందుకే పతకాలే చూసి చరిత్ర చదివితే రంప కొండలు ప్రశాంతంగా ఉన్నట్టే కనిపిస్తాయి.

మీ ఇంట్లో ఇలాంటి బిళ్ళ ఉంటే చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. వెండి రేటుకి కరిగించడానికి అస్సలు ఇవ్వకండి, ఇప్పటికే చాలా అలా పోయాయి. వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులు 1972 చట్టం కిందకి వస్తాయి, సొంతంగా విదేశాలకి పంపి అమ్మడం కుదరదు. ముందు అంచుని చుట్టూ తిప్పుతూ, వెలుతురు పక్క నుంచి పడేలా నాలుగైదు ఫోటోలు తియ్యండి. పేరు చదవడం అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు.