పాత గోవా: బాం జీసస్ దేవాలయము, క్రైస్తవ కళా మ్యూజియం

గోవా వెళ్ళే మన విశ్వాసులలో ఎక్కువమంది సముద్రపు ఒడ్డు చూసి తిరిగి వస్తారు. పణజికి పది కిలోమీటర్ల దూరంలోని పాత గోవాలో ఒక పూట గడిపేవారు తక్కువ. కొన్నేళ్ళ క్రితం మా సంఘ యౌవనస్థులతో అక్కడికి వెళ్ళినప్పుడు, గుమ్మం దగ్గర ఒక అబ్బాయి ఆగిపోయి, "అయ్యగారూ, లోపల అన్నీ విగ్రహాలే కదా, మనం వెళ్ళవచ్చునా?" అని అడిగాడు. నిర్గమకాండము 20వ అధ్యాయం చదివిన బిడ్డకు ఆ ప్రశ్న రాకపోతేనే విచారించాలి. సాగిలపడడం వేరు, చూసి తెలుసుకోవడం వేరు అని చెప్పాను. పౌలు ఏథెన్సులో తిరిగి బలిపీఠం మీది వ్రాతను చదివాడు గదా అన్నాను. కతోలికులను ఏథెన్సువారితో పోల్చడం నా ఉద్దేశం కాదు. నైసియ విశ్వాస ప్రమాణాన్ని వారూ మనమూ ఒక్కటిగానే ఒప్పుకొంటున్నాము.

బాం జీసస్ అంటే 'మంచి యేసు'. యేసు సభవారు 1594లో పని మొదలుపెట్టి కట్టించిన ఈ దేవాలయం 1605లో ప్రతిష్ఠించబడింది. ఎర్రటి లేటరైట్ రాయి బయటికి కనబడుతూ ఉంటుంది. మొదట గోడలకు సున్నపు పూత ఉండేది, 1950 ప్రాంతంలో తీసివేశారు. అప్పటినుండి కొంకణ వర్షాలకు ఆ రాయి నానుతూనే ఉంది. మళ్ళీ పూత వేయాలా వద్దా అన్న వాదం అక్కడ ఇంకా నడుస్తున్నది. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన గోవా చర్చిలలో ఇదొకటి.

జనం వచ్చేది ఫ్రాన్సిస్ జేవియర్ దేహం కోసం. ఆయన 1552 డిసెంబరు 3న చైనా తీరాన ఒక దీవిలో మరణించాడు. దేహాన్ని మలక్కాకు, అక్కడినుండి 1554లో గోవాకు తెచ్చారు. కుడి ముంజేతిని 1614లో వేరుచేసి రోమాకు పంపారు. వెండి పేటిక గోవా కంసాలుల పని. దాని కింది పాలరాతి సమాధి పీఠాన్ని ఫ్లోరెన్సు శిల్పి ఫొగ్గీని చెక్కాడు, టస్కనీ ప్రభువు మూడవ కోసిమో పంపించాడు, 1698లో నిలబెట్టారు. పదేళ్ళకొకసారి పేటికను కిందికి దించి ప్రజల దర్శనానికి ఉంచుతారు. గతసారి 2024 నవంబరు నుండి 2025 జనవరి వరకు ఉంచారు. శేషాలను గౌరవించే ఈ పద్ధతిని మన సంఘాలు అంగీకరించవు, నేనూ అంగీకరించను. అయినా పదేళ్ళలో గోవా నుండి జపాను దాకా సువార్త మోసుకెళ్ళిన మనిషి ముందు నిలబడి మన సువార్త భారమెంత అని అడుగుకోకుండా రాలేకపోయాను.

రెండవ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. గోవాలో విచారణ న్యాయస్థానం పెట్టించమని 1546లో పోర్చుగల్ రాజుకు ఉత్తరం వ్రాసింది ఈ జేవియరే. 1560లో మొదలైన ఆ న్యాయస్థానం, మధ్యలో కొద్ది కాలం తప్ప, 1812 వరకు నడిచింది. గుడులు కూల్చారు, మారినవారిని పాత ఆచారాల నెపంతో హింసించారు. క్రీస్తు పేరట జరిగింది గనుక దీన్ని కతోలికుల లెక్కలో వ్రాసి మనం తప్పుకోలేము.

అక్కడినుండి గుట్ట ఎక్కితే సాంత మోనికా కన్యకల మఠం. 1606లో పునాది వేయించిన ఆర్చిబిషప్ మెనేజెస్, 1599 ఉదయంపేరూరు సభలో కేరళ సిరియను క్రైస్తవుల గ్రంథాలను తగలబెట్టించినవాడే. ఆ మఠపు చర్చిలోనే ఇప్పుడు క్రైస్తవ కళా మ్యూజియం ఉన్నది. 1994లో రాషోల్ సెమినరీలో మొదలై 2002లో ఇక్కడికి మారింది.

తొందరపడక చూడవలసినవి రెండు. ఒకటి, గూడబాతు ఆకారంలో చేసిన వెండి పాత్ర, సత్ప్రసాదం ఉంచేది. 102వ కీర్తనలో మనకు తెలిసిన పక్షే. అది తన రొమ్ము చీల్చుకొని రక్తంతో పిల్లలను బ్రతికిస్తుందని పాతకాలపు నమ్మకం. అందుకే సంఘం దాన్ని సిలువకు గుర్తుగా తీసుకున్నది. పక్షిశాస్త్రం తప్పే, వేదాంతం కాదు. రెండవది దంతపు 'మంచి కాపరి'. బాలయేసు కొండమీద చెంపకు చేయి ఆనించి కళ్ళు మూసుకొని కూర్చున్నాడు, భుజాన గొఱ్ఱెపిల్ల. మా పిల్లల్లో ఒకరు "బుద్ధుడిలా ఉన్నాడే" అన్నారు. కళాచరిత్రకారులూ ఆ పోలికను గమనించారు.

కారణం చేతుల్లో ఉంది. ఇలాంటి వస్తువులు చేసినవారిలో హిందూ శిల్పులు, కంసాలులు అనేకులు. వారిచేత చేయించరాదని 1567 గోవా ప్రాంతీయ సభ నిషేధించింది. తరువాత కూడా మళ్ళీ మళ్ళీ నిషేధించవలసి వచ్చిందంటే పని ఆగలేదనే అర్థం. పేర్లు మిగలలేదు, పని మిగిలింది.

వెళ్ళేవారికి ఒక మాట. బాం జీసస్ ఆరాధన జరిగే స్థలం. భుజాలు, మోకాళ్ళు కప్పుకొని వెళ్ళండి; పూజ జరుగుతుంటే వెనక బల్లల మీద మౌనంగా కూర్చోండి, ఫోను లోపల పెట్టండి. సమాధి దగ్గర రద్దీలో పిల్లలను జాగ్రత్తగా చూసుకోండి. మధ్యాహ్నం ఎండ ముదిరాక మ్యూజియంకు వెళితే, అక్కడ జనం పలచగా ఉంటారు, దంతపు కాపరి ముందు ఎంతసేపైనా నిలబడవచ్చు.